మూడు వందల పదో గడిలో కుప్పం

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మదనపల్లెలో ఎవరైనా "యాడప్పా పని?" అని అడిగితే "కొండ మీద" అనేవాణ్ణి. అడిగినవాళ్ల ముఖం వెలిగిపోయేది. "హార్స్లీ హిల్స్‌లోనా? అయితే ఎండాకాలం మాకొక రూము సూడు" అనేవారు. అది కాదు, కుప్పం అవతల సరిహద్దు కొండల్లో వేధశాల ఉంది, అక్కడ టెలిస్కోపు నడుపుతాను అని చెప్పేసరికి ఆ వెలుగు ఆరిపోయేది. "ఆడ రూములుండవా?" అని ఆఖరి ఆశగా అడిగేవారు. ఉండేవి. కిటికీలకు నల్లగుడ్డ కట్టుకుని పగలంతా మనుషులు నిద్రపోయే రూములు. వాటిని ఎవరూ వేసవి విడిది అనలేదు.

ఇప్పుడు ఆ ఉద్యోగంలో చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఏ పరికరం ఏ స్థితిలో ఉందో మీకు కంప్యూటరే రాసిపెడుతుంది. మా కాలంలో రిజిస్టరు ఉండేది, రాయడానికి మనిషి ఉండేవాడు. ఆ మనిషిని నేనే. ఆ రిజిస్టరులో నా చేతిరాతతో ఉన్న ఒక పేజీని కొత్తవాళ్లకు ఇప్పటికీ చూపిస్తారని విన్నాను. దాని కథ నేను చెప్పకపోతే ఇతరులు నాకంటే బాగా చెప్పే ప్రమాదం ఉంది.

తొంభైల చివరి మాట. దూరంగా ఉన్న ఏదో గెలాక్సీలో ఒక నక్షత్రం పేలిపోతుంది. కొన్ని వారాల పాటు ఆ గెలాక్సీ మొత్తంతో పోటీపడి వెలుగుతుంది. అదే సూపర్నోవా. కనిపెట్టినవాడికి పేరు వస్తుంది, సరే. కానీ అది ఏ రకమో ఇంకొకరు తేల్చేదాకా దాన్ని ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియదు. మా నాయన మదనపల్లె టమోటా మార్కెట్టులో మనిషి. గంపలో చెయ్యి పెట్టి ఒక కాయ తీసి, వేళ్ల మధ్య తిప్పి, కలికిరి తోటదా పుంగనూరు తోటదా చెప్పేవాడు. ఆయన రకం చెప్పాకే వేలంపాట మొదలయ్యేది. నేను భౌతికశాస్త్రంలో డిగ్రీ చేసి, పట్టా రోజున నల్లకోటు వేసుకుని, అంతకంటే గొప్ప పనేమీ చెయ్యలేదు. గంప మాత్రం కొంచెం దూరంగా ఉండేది.

సూపర్నోవాల్లో రకాలు చాలా ఉన్నా ఈ కథకు రెండు చాలు. ఒకటి, భారీ నక్షత్రం తన బరువుకు తానే కూలి పేలేది. దాని వెలుగులో హైడ్రోజన్ గుర్తు కనిపిస్తుంది. శాస్త్రజ్ఞుల లెక్కలో దీని పేరు 'రెండో రకం'. ఇంకొకటి, ముసలిదైన చిన్న నక్షత్రం పక్కదాని సరుకు లాక్కుని, అరగక పేలేది. దీన్ని 'ఒకటి-ఏ రకం' అంటారు. ఇందులో హైడ్రోజన్ ఉండదు, సిలికాన్ ఉంటుంది. ఈ రకమే విశ్వంలో దూరాలు కొలవడానికి పనికొస్తుంది కనుక ప్రపంచమంతా దీని కోసమే కాచుకుని ఉండేది.

ఏది ఏదో తేల్చడానికి వర్ణపటం తీయాలి. టెలిస్కోపు కింద వేలాడే పెట్టెలో, సన్నని గీతలు చెక్కిన ఒక పలక ఉంటుంది. అది వెలుగును రంగులుగా పరిచి కెమెరా మీద వేస్తుంది. మా కెమెరాలో వరుసగా వెయ్యి పైచిలుకు గడులు. ఒక్కో గడి మీద ఒక్కో రంగు. పలకను తిప్పడానికి ఒక మర, అది ఎంత తిరిగి ఉందో చూపే కొలత దాని పక్కనే. మర రవ్వంత తిరిగితే రంగులన్నీ పక్క గడుల్లోకి జరుగుతాయి. అందుకే నక్షత్రాన్ని చూసిన వెంటనే, ఏ గడిలో ఏ రంగు పడిందో తెలిసేందుకు, పెట్టెలోనే ఉన్న ఒక దీపం వెలిగించి దాని వర్ణపటం కూడా తీసుకుంటారు. దీపం మన కొలబద్ద. ఇంతకు మించిన సైన్సు ఈ కథలో లేదు.

ఆ పెట్టెను చూసుకునే మెకానిక్కుది కుప్పం. నాకంటే పదేళ్లు పెద్ద, నేను అన్నా అనేవాణ్ణి. పదో తరగతితో చదువు ఆపి, శాంతిపురం దగ్గర గ్రానైటు ఫ్యాక్టరీలో పలకలు నునుపు చేసి చేసి, చివరికి మా కొండకు వచ్చినవాడు. పాలిష్ చేసిన రాయి మీద అరచెయ్యి ఆనించి ఎక్కడ వెంట్రుకవాసి ఎత్తు ఉందో చెప్పేవాడట. మా పెట్టె విషయంలోనూ అంతే. ఇంజనీర్లు మీటర్లు పెట్టి గంట చూసి "ఎక్కడో లూజుంది" అని తేలిస్తే, ఆయన చెవి ఆనించి ఎక్కడో చెప్పేవాడు. కెమెరాను విప్పి బిగించిన ప్రతిసారీ, ఎవరూ చెప్పకపోయినా, ఉత్త ఆకాశానికి ఒక ఫోటో తీసి కంప్యూటరు ముందు కూర్చునేవాడు. ఏం చూస్తున్నావన్నా అంటే "మా ఊరు సూస్తాండా" అనేవాడు. పరిహాసమనుకుని నవ్వేసేవాణ్ణి. డిగ్రీ చదివినవాళ్లకు అదొక సౌకర్యం, అర్థం కానిదాన్ని పరిహాసమనుకోవచ్చు.

ఆ గురువారం మధ్యాహ్నం కొండ మీది క్యాంటీనులో నేను సంగటి తింటున్నాను. ఆయన భుజాన సంచీతో వచ్చాడు. తమ్ముడి బోరు మోటారు కాలిపోయిందని రెండు రోజులు సెలవు పెట్టాడు.

"ఇదిగోప్పా, పలక మరకు గ్రీజు పెట్టినా. మళ్ల బిగించేటప్పుడు రవ్వంత జరిగినట్టుండాది. ఈ పొద్దు కొలత సూసి రాసుకో."

నోటి నిండా సంగటి ఉంది. తల ఊపాను.

"తల ఊపితే కాదు. వంగి సూడల్ల. అది కిందపక్క ఉండాది."

ఇంకొంచెం గట్టిగా ఊపాను. ఆయన బస్సుకు పోయాడు. నేను ఇంకొక ముద్ద పెట్టించుకున్నాను.

ఆ సాయంత్రమే బెంగళూరు నుంచి ఫోను. ఎక్కడో విదేశంలో ఎవరో కొత్త సూపర్నోవా కనిపెట్టారు, ఇంకా ఎవరూ రకం తేల్చలేదు, ఈ రాత్రే చూడండి అని. ఫోను చేసింది ప్రొఫెసరుగారు, ఎత్తింది ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి. ఆ అమ్మాయిది పుంగనూరు పక్క పల్లె. వేరుశనగ వేసే మెట్టసేద్యం ఇల్లు. కూతురు కొండ మీద ఏం చదువుతోందో వాళ్ల నాయనకు అర్థం కాకపోయినా, అడిగినవాళ్లకు "మా పాప సుక్కల్ని సదవతాది" అని చెప్పుకునేవాడు. మేము ఆయన్ను చూసి నవ్వుకునేవాళ్లం. తర్వాత ఆలోచిస్తే, ఆ ఉద్యోగాన్ని అంత తక్కువ మాటల్లో అంత కచ్చితంగా చెప్పినవాళ్లు మా కొండ మీద లేరు.

ఆ అమ్మాయికి ఇదెంత ముఖ్యమో చెప్పాలి. రెండేళ్ల ముందు మా కొండ నుంచి ఒక సూపర్నోవా రకం ఫలానా అని ప్రకటన వెళ్లి, తప్పని తేలి, వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆ తప్పు ఆమెది కాదు. కానీ అప్పటి నుంచి ఇంకొకరికి కేటాయించిన రాత్రిని ఆపి కొత్త సూపర్నోవాకు టెలిస్కోపు ఇవ్వడమంటే అందరికీ అనుమానమే. "ఇంకొక్కసారి తప్పితే ఈ ఏర్పాటే తీసేస్తాం" అని మీటింగులో చెప్పేశారు. ఆమె థీసిస్ మొత్తం ఆ ఏర్పాటు మీదే నిలబడింది. ఫెలోషిప్పు వేసవితో అయిపోతుంది. ఈసారి ప్రకటనలో మొదటి పేరు ఆమెదే ఉంటుందని ప్రొఫెసరుగారు మాటిచ్చారు. అంటే ఒప్పయినా ఆమెదే, తప్పయినా ఆమెదే.

ఆ రాత్రి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మబ్బు వచ్చేలోపు నలభై నిమిషాలు వెలుగు పట్టాము. తర్వాత దీపం వెలిగించబోతే వెలగలేదు. దాన్ని ఎక్కడ తట్టాలో తెలిసిన ఒకే ఒక్క మనిషి కుప్పంలో తమ్ముడి బోరు దగ్గర ఉన్నాడు. నేను నాకు తెలిసిన చోట్లన్నీ తట్టాను. అంతలో మబ్బు కమ్మింది.

"పోయిన వారం తీసిన దీపం ఉంది కదా సార్," అంది ఆమె. "పలక అప్పటి కొలత మీదే ఉంటే అది వాడుకోవచ్చు. ఉందా?"

రిజిస్టరు తెరిచి చూశాను. పోయిన వారం గడిలో కొలత రాసి ఉంది. దాని కింద సోమవారం 'డిటో'. మంగళవారం 'డిటో'. బుధవారం 'డిటో'. చూడటానికి ఎంతో క్రమశిక్షణ గల పేజీ. గురువారం కింద నేనూ 'డిటో' అని రాసి, "ఉందమ్మా" అన్నాను. వంగలేదు. మన ఆఫీసుల్లో డిటో అంటే 'చూశాను, మారలేదు' అని కాదు, 'పైవాడు చూసే ఉంటాడు' అని. ఆ పైవాడు కూడా నేనే కావడం ఇక్కడి ప్రత్యేకత.

తెల్లవారి ఆమె నిద్రపోకుండా లెక్కలు చేసింది. పదింటికి నన్ను పిలిచి తెర చూపించింది. వర్ణపటంలో ఒకచోట పెద్ద గుంత, దాని పక్కనే గుట్ట. గుట్ట సరిగ్గా హైడ్రోజన్ ఉండాల్సిన చోట ఉంది. భారీ నక్షత్రం, రెండో రకం.

"అంతా బాగుంది సార్. ఈ పక్కన రెండు చిన్న గుంతలున్నాయి చూడండి, జంటగా. ఇవేంటో తెలియడం లేదు."

నేను కళ్లద్దాలు సర్దుకుని, డిగ్రీ బరువంతా గొంతులో పెట్టి, "నాయిస్ అమ్మా" అన్నాను. పాపం, ఆమె నన్ను నమ్మింది. నమ్మకపోయినా చేసేది లేదు, ప్రొఫెసరుగారు మూడింటికి రైలు ఎక్కాలి. ఆయన చేతికి కాగితం అందితే అక్కడి నుంచి ఈమెయిలులో, ఇలాంటి వార్తలను ప్రపంచానికి చాటే ప్రకటన కార్యాలయానికి పంపుతానన్నారు. మా కొండ టెలిఫోను తీగ మాత్రం ఉదయం నుంచి మౌనవ్రతంలో ఉంది. దానికది అలవాటే.

ఎటూ దీపం కోసం, సెలవు మధ్యలోనే మెకానిక్కును తీసుకురావడానికి జీపు కుప్పం వెళ్తోంది. అక్కడ ఫ్యాక్సు ఉన్న ఎస్టీడీ బూతు ఉంది. ఆమె రాసిన కాగితాన్ని వేరేవాళ్ల చేతికివ్వనని తనే బయల్దేరింది. నేనూ ఎక్కాను.

కాగితం గురించి ఒక మాట. మా స్టోరు గుమాస్తా తెల్లకాగితాన్ని మందుల షాపువాడు నిద్రమాత్ర ఇచ్చినట్టు ఇచ్చేవాడు. అందుకని మా దగ్గర ప్రతి కాగితానికీ రెండు జన్మలు. ఒకవైపు ప్రింటయినదాన్ని తిప్పి రెండో వైపు రాసుకునేవాళ్లం. రాత్రి వెలుగు పట్టిన వెంటనే, ఏం వచ్చిందో చూద్దామని ఆమె ఒక ప్రింటు తీసింది. ఏ లెక్కా చెయ్యని, ఆకాశపు వెలుగు కూడా తీసెయ్యని, గడుల నంబర్లు మాత్రమే ఉన్న పచ్చి గీత. తెల్లారాక దాని అవసరం తీరింది. ఆ వెనకవైపే, ముత్యాల్లాంటి అక్షరాలతో, ఫ్యాక్సు పంపాల్సిన మాటలు రాసింది.

కుప్పం చేరేసరికి పన్నెండున్నర. బూతు స్టేషను రోడ్డులో ఉంది. మోటారు సామాన్ల కోసం బజారుకొచ్చిన మా మెకానిక్కు, వెతికే పని లేకుండా, బూతు ముందు స్టూలు మీద టీ గ్లాసుతో కూర్చుని ఉన్నాడు. చేతులకు ఇంకా మోటారు నూనె ఉంది.

"ఏమ్ పాపా, నిద్దర పోలేదా? కండ్లు సూడు ఎట్లుండాయో," అన్నాడు ఆమెను చూసి. ఆమె మొదటి రోజు నుంచే ఆయన్ను మామా అని పిలిచేది. పుంగనూరుకూ కుప్పానికీ మధ్య చుట్టరికం కలవడానికి మూడు మాటలు చాలు.

"దీపం చెయ్యిచ్చింది మామా."

"నేను లేనని అలిగినట్టుండాది. వచ్చి తడతా లే."

బూతు యజమాని కాగితం తీసుకున్నాడు. నెంబరు కొట్టి, లైను కోసం చెవి ఆనించి, కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఏ పక్క పంపల్లమ్మా? రెండు పక్కలా ఏందో ఉండాది."

"రాసిన పక్క అన్నా."

"గీత గీసిన పక్క బాగుండాదే. ఈసీజీనా? ఎవురికి బాగలేదు?"

అందరం నవ్వాం. మెకానిక్కు నవ్వలేదు. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని, కాగితం కోసం చెయ్యి చాపాడు.

"ఇట్లా ఇయ్యప్పా ఒకసారి."

"లైను తగులుకుండాది," అన్నాడు యజమాని.

"తగులుకోనీలే. ఇయ్యి."

గీత ఉన్న వైపు కాసేపు చూశాడు. వేలు ఒకచోట పెట్టాడు. తర్వాత ఆ వేలిని గీత వెంబడి ఎడమవైపు జరిపి ఆపాడు. మళ్లీ మొదటి చోటికి తెచ్చాడు.

"ఇది నిన్న రాత్రిదేనా పాపా?"

"అవును మామా. ఏం?"

"మా ఊరు యాడికి పోయిండాది?"

నాకు పాత పరిహాసం గుర్తొచ్చింది. ఈసారి నవ్వు రాలేదు, ఎందుకో.

"ఏ ఊరు మామా?"

"కుప్పమే. మా ఈదిలైట్లు. పసుప్పచ్చ లైట్లు ఏసినారు గదా పోయిన సంవత్సరం. ఆ ఎలుతురు మన కొండ ఆకాశంలో ఎప్పుడూ ఉంటాది గదా. నేను కెమెరా బిగించినప్పుడంతా సూస్తాండా, ఈ పొడుగు గీత మూడు వందల పదో గడిలో ఉంటాది. డోరు నెంబరు మాదిరి. కదల్దు. ఇప్పుడు సూడు, మూడు వందల తొంభైలో ఉండాది." నా వైపు తిరిగాడు. "ఊరు నడిచిపోతాదాప్పా?"

ఊర్లు నడవవు. ఆ సంగతి చెప్పడానికి డిగ్రీ అక్కర్లేదు. మా కొండ వాళ్లకు ఆ వీధిదీపాలంటే మంట. సోడియం దీపాల పసుపు వెలుగు ఆకాశాన్ని పాడుచేస్తోందనీ, దయచేసి వాటికి పైన డొప్పలు బిగించమనీ, అవి వేసిన నాటి నుంచి పంచాయతీకి ఏటా ఒక ఉత్తరం పోయేది. టైపు చేసేది నేనే. లెక్కలు చేసేటప్పుడు ఆ వెలుగును ముందే కోసి పారేస్తాం. పారేసింది కాబట్టే ఆమె పొద్దున చూసిన శుభ్రమైన వర్ణపటంలో అది లేదు. మేము చెత్త అనుకున్నదాన్ని ఆ మనిషి కొలబద్దగా పెట్టుకుని ఏడాదిగా మా పెట్టెను కాపలా కాస్తున్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. "సార్, కొలత... మీరు చూశారు కదా?"

"డిటో అని రాశానమ్మా" అన్నాను.

"చూశారా?"

"లేదు."

మెకానిక్కు నన్ను చూశాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. "సంగటి బాగుండినట్టుంది ఆ పొద్దు," అన్నాడు అంతే.

బూతు యజమాని రిసీవరు చేత్తో మూసి "అమ్మా, అవతల మిషను కూస్తాండాది, పంపల్లా వద్దా?" అన్నాడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించలేదు. "వద్దు, ఫోను పెట్టేయండి అన్నా," అంది. మిషను కూతలో పడి, ఇంకో నిమిషంలో, ప్రపంచానికి తెలిసిపోయేది ఆమె పేరుతో ఒక తప్పు. ఆ నిమిషం అక్కడ ఆగిపోయింది.

తర్వాత జరిగినదాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆ అమ్మాయి అంటే గౌరవం పెరుగుతుంది తప్ప తగ్గదు. ఏడవలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. బూతులో పిల్లల స్కూలు స్కేలు ఒకటి ఉంటే అడిగి తీసుకుంది. కౌంటరు మీద కాగితం పరిచింది.

"ఎనభై గడులు జరిగింది. గడికి రెండున్నర. రెండు వందలు."

రెండు వందల ఆంగ్‌స్ట్రాంలు. వెలుగును కొలిచే ఆ కొలతలో, మేమనుకున్న ప్రతిదీ అసలు చోటు కంటే రెండు వందలు ఎర్రవైపు పడి ఉంది. ఆమె పెన్సిలుతో అంకెలు కొట్టేసి కొత్తవి రాయసాగింది. హైడ్రోజన్ అనుకున్న గుట్ట హైడ్రోజన్ చోటు నుంచి జారిపోయింది. దాని పక్కనున్న పెద్ద గుంత ఆరువేల మూడు వందల యాభై నుంచి ఆరువేల నూట యాభైకి వచ్చి ఆగింది.

పెన్సిలు కూడా ఆగింది.

"సిలికాన్," అంది మెల్లగా.

ఆరువేల నూట యాభై దగ్గర సిలికాన్ గుంత అంటే ఒకటి-ఏ రకానికి వేలిముద్ర లాంటిది. తర్వాత నేను నాయిస్ అని తీర్పు చెప్పిన జంట గుంతల దగ్గరికి వచ్చింది. వాటికీ రెండు వందలు తగ్గించింది. అవి ఒకటి-ఏ రకంలో గంధకం గుంతలుండాల్సిన చోట వెళ్లి బుద్ధిగా కూర్చున్నాయి. జంటగా. ఆమె తల ఎత్తి నన్ను చూసింది. కళ్లల్లో నీళ్లు, పెదాల మీద నవ్వు, రెండూ ఉన్నాయి.

"మీ నాయిస్ సార్."

"నా దగ్గర నాణ్యమైనదే ఉంటుందమ్మా," అన్నాను.

అప్పటికి ఒకటిన్నర. నేనైతే వెంటనే పంపేసేవాణ్ణి. ఆమె పంపలేదు. "ఒక్క గీతను నమ్మి రాయను. ఆ తప్పు ఒకసారి అయింది కదా," అంది. నన్ను పొడవడానికి అన్న మాట కాదు. అందుకే ఇంకా బాగా గుచ్చుకుంది.

"మామా, మీ ఊరు కాకుండా ఇంకేమన్నా చూస్తావా నువ్వు? ఆకాశంలో?"

"ఇంకొకటి ఉండాది. ఎడమపక్క, కరెంటు పోయినా ఉంటాది అది. ఊరు సీకటైపోయినా అది మాత్రం పోదు. నూట ఎనభై నాలుగులో."

కరెంటు పోయినా పోనిది. భూమి మీది గాలిలోని ఆక్సిజన్ తనంతట తాను వెలిగే ఆకుపచ్చ గీత. పుస్తకాల్లో దానికి పేరుంది, అంకె ఉంది. కరెంటు కోతల పుణ్యమా అని దాన్నీ వీధిదీపాల్నీ వేరుచేసి చూసినవాడు ఆయన ఒక్కడే. ఆమె స్కేలు పెట్టింది. కాగితం మీద అది రెండు వందల అరవై నాలుగులో ఉంది. అదీ సరిగ్గా ఎనభై జరిగింది.

"రెండూ ఒకటే మాట చెప్తున్నాయి," అంది.

ఇప్పుడు రాయడానికి కాగితం కావాలి. బూతు యజమాని తన లెక్కల పుస్తకంలో నుంచి కొత్త తెల్లకాగితం ఒకటి చింపి, స్టోరు గుమాస్తా చూసి ఉంటే మూర్ఛపోయేంత తేలిగ్గా ఇచ్చేశాడు. ఆమె మొదటి నుంచి రాసింది. ఒకటి-ఏ రకం, వెలుగు ఇంకా పెరిగే దశలో ఉంది, దీపం పనిచేయనందున తరంగదైర్ఘ్యాలను రాత్రి ఆకాశపు గీతలతో సరిచూశాము అని. రెండింటికి ఫ్యాక్సు వెళ్లింది. రెండుంపావుకు ప్రొఫెసరుగారు బూతుకు ఫోను చేశారు. ఏ ఆకాశపు గీతలు, ఎన్ని, ఎంత జరిగాయి అని ఆమెను పదిహేను నిమిషాలు నిలదీశారు. ఆమె అన్నిటికీ జవాబు చెప్పింది. చివరికి ఆయన రైలు మాట గుర్తొచ్చి పెట్టేశారు. రైలు దొరికిందో లేదో నాకు తెలియదు.

రెండు రోజుల తర్వాత ప్రకటన వచ్చింది. దాని కిందే, విదేశంలో ఇంకొక బృందం స్వతంత్రంగా చూసి రాసిన మాట. ఒకటి-ఏ రకం. మా తర్వాత పంపారు, మాతో ఏకీభవించారు. ఏర్పాటు నిలిచింది, థీసిస్ నిలిచింది. తరువాతి మీటింగులో "కొండ మీదివాళ్లు ఈసారి జాగ్రత్తగా చేశారు" అన్నారట పెద్దలు. నేను తల దించుకుని విన్నాను. వినయం అనుకున్నారు.

ఆమె తన నివేదికలో డిటో ఊసు ఎత్తలేదు. దీపం పాడైందని రాసింది, అది నిజమే. నాకు మాత్రం నిద్ర పట్టలేదు, పగలు కూడా. వారం తర్వాత రిజిస్టరు తీసి, గురువారం డిటోను ఎర్ర ఇంకుతో కొట్టి, పక్కన రాశాను: "చూడకుండా రాసినది. అసలు కొలత వేరు. కుప్పం చెప్పింది." కింద సంతకం పెట్టాను. పిల్లలూ, మీకు చూపించే పేజీ అదే.

థీసిస్ వెనక కృతజ్ఞతల్లో ఆమె అందరి పేర్లూ రాసింది. మెకానిక్కు పేరు మా అందరికంటే పైన. చివర్లో 'కుప్పం వీధిదీపాలకు' అని ఒక వాక్యం ఉంటే, ప్రొఫెసరుగారు అది శాస్త్రీయంగా లేదని కొట్టేయమన్నారట. ఆమె కొట్టేయలేదు. ఆ సంవత్సరం కూడా దీపాలకు డొప్పలు బిగించమని పంచాయతీకి ఉత్తరం పోయింది. టైపు చేసింది నేనే. మెకానిక్కు వెనక నిలబడి చదివి, "బాగుండాది. తిన్న ఇంటికి నోటీసు ఇచ్చినట్టుండాది," అన్నాడు.

ఆయన నాకంటే ముందు రిటైరయ్యాడు. కొన్నేళ్లకు నేనూ రిటైరై మదనపల్లె చేరాను. అప్పటి నుంచి నేను ఎక్కడా డిటో రాయను. బ్యాంకు ఫారంలో 'శాశ్వత చిరునామా, పైదే అయితే టిక్ పెట్టండి' అని ఉంటుంది. టిక్ పెట్టను. లేచి వెళ్లి గేటు మీది నెంబరు చూసొచ్చి, మొత్తం రాస్తాను. కౌంటరులో అమ్మాయిలు నా వయసును గౌరవించి ఊరుకుంటారు.

మొన్న ఒక పెళ్లికి కుప్పం వెళ్లాను. పొద్దుగూకే వేళ ఆయన ఇంటి అరుగు మీద ఇద్దరం కూర్చున్నాం. వీధిదీపాలు వెలిగాయి. పాత పసుపు వెలుగు లేదు. పాలలాంటి తెల్లటి వెలుగు, పొడుగ్గా నిలబడే గీత ఏదీ లేకుండా అన్ని గడుల్లోనూ సమానంగా పరచుకునే రకం.

"ఈ లైట్లు ఎప్పుడు మార్చారన్నా?" అన్నాను.

"కొన్నాళ్లాయె. కరెంటు తక్కువ కాలతాదంట." ఆయన కాసేపు ఆ దీపం వైపే చూశాడు. మూడు వందల పదో గడి ఇప్పుడు ఖాళీ అని ఇద్దరికీ తెలుసు.

"ఇంగ మా ఊరు చెప్పదప్పా," అన్నాడు. "కొండ పైనుండే పిల్లోళ్లకు చెప్పు. కంప్యూటరు రాసినా, వాళ్లే వంగి సూసి రాసుకోవల్ల."

అందుకే చెప్తున్నాను.